డోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు: స్నేహధర్మము



నేడు నేను చెప్పబూనినది ఒక క్రైస్తవ బిషప్పుగారి చరిత్రము. ఈ సంగతి వినినంతనే మా ఊరి మిత్రుడొకడు, “పంతులూ! అమరమును, రఘువంశమును వల్లించినవాడవు. నీకు బిషప్పుగారి కథతో నేమి పని?” అని నవ్వినాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఈ ప్రసంగము ముగియులోపల చెప్పుదును. అంతవరకు మీరు ఓపిక వహింపుడు.

వరంగల్లునుండి విజయవాడకు పోవు రైలుబండిలో కూర్చుండి, నెక్కొండ, కేసముద్రము, మహబూబాబాదు, గార్ల దాటిన పిమ్మట డోర్నకల్లు అను కూడలి వచ్చును. అచ్చటనుండి సింగరేణి బొగ్గుగనుల దిక్కునకు ఒక శాఖ చీలిపోవును. ఈ ఊరు 2016వ సంవత్సరము వరకు మన వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. అచ్చట ఒక దేవాలయము కలదు. దాని స్తంభములు చూచిన మన గుడి మండపము తలపునకు వచ్చును. దాని గుమ్మటములు, మీనారులు చూచిన మసీదు తలపునకు వచ్చును. మీద సిలువ యున్నది. మొదటిసారి చూచినవాడు ఇది ఎవరి గుడియని క్షణకాలము సందేహించును. ఆ సందేహము కలుగవలెననియే దానిని కట్టించినవారి అభిప్రాయమేమో యని నాకు తోచును. ఆయనయే వేదనాయగము శామ్యూలు అజరయ్యగారు. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన భారతీయులలో ఆయన ప్రథములు.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశమున, తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై యను చిన్నపల్లెలో పుట్టిరి. తండ్రి ఆ పల్లెలో క్రైస్తవ గురువు. వారిది నాడారు కులము. తాటిచెట్టు నాశ్రయించి బ్రతికినదియు, పైకులములవారిచే ఎన్నియో అవమానములు పడినదియు నగు కులమది. బాలుడు మిషను బడులలో చదువుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. కాని పట్టపరీక్ష పూర్తి కాలేదు. పట్టము లేని ఈయనకే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు బిరుదము నిచ్చిరి. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి ఇక వీడు పనికిరాడని తీర్మానించు తలిదండ్రులు ఈ సంగతి గమనింతురుగాక.

1895లో ఆయన క్రైస్తవ యువజన సంఘమున, అనగా వై.యం.సి.ఏ.లో, కార్యదర్శియై ఊరూర తిరుగ నారంభించిరి. మరుసటి సంవత్సరము అమెరికా దేశమునుండి షేర్వుడ్ ఎడ్డీ అను యువకుడు మన దేశమునకు వచ్చెను. వీరిద్దరు కలిసి తిరిగిరి, కలిసి పనిచేసిరి, కలిసి ప్రార్థించిరి. ఆ కాలమున తెల్లవాడు నల్లవానితో మాటలాడవచ్చును, పని చేయించుకొనవచ్చును, దయ చూపవచ్చును. సరిసమానముగా కూర్చుండుట మాత్రము అరుదు. ఈ ఇద్దరి నడుమ అట్టి అరుదైన చెలిమి కుదిరినది. అది తుదివరకు నిలిచినది. 1898లో అజరయ్యగారు అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడిరి. తరువాతి కాలమున పల్లెపడుచుల చదువు సంధ్యలయందు ఆమె భర్తకు కుడిభుజమై నిలిచెను.

1902లో ఆయన సింహళద్వీపమునందలి యాళ్పాణమునకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో, తమ సొంత మనుష్యులను పంపి ధర్మకార్యము జరుపుకొనుచుండిరి. అది చూచి ఆయనకు సిగ్గు కలిగెను. మన దేశమున ప్రతి పనికిని సముద్రములకు ఆవలినుండి దొరలు రావలెనా, వారి డబ్బు రావలెనా, యని తలపోసిరి. తత్ఫలముగా 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము పుట్టినది. 1905 డిసెంబరు 25వ తేదీన, బంగాళమునందలి శ్రీరామపురములో జాతీయ మిషనరీ సంఘము పుట్టినది. మొదటి సంఘము తన సేవకు నైజాము రాజ్యమునందలి డోర్నకల్లు ప్రాంతము నెన్నుకొనెను. తిరునెల్వేలి పల్లెలలోని తాటిముంజెల బేహారులును, చిన్న రైతులును కూడబెట్టిన కాసులు మన తెలుగుపల్లెలకు వచ్చినవి. ఇది దొరల ధనము కాదు. బీదవాని చేతినుండి బీదవాని చేతికి వచ్చిన ధనము.

ఇతరులను పంపి తాను మద్రాసులో సుఖముగా కూర్చుండుట అజరయ్యగారికి పొసగలేదు. 1909లో ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, తామే డోర్నకల్లు చేరిరి. తొలిరోజులలో గుడారమే ఇల్లు. ముప్పది యైదేండ్ల వయస్సున మన అక్షరములు దిద్దనారంభించిరి. నేను నలుబది సంవత్సరములకు చేరువగా తెలుగు బోధించినవాడను. తమిళము మాతృభాషగా గలవానికి మన ఒత్తక్షరములు, మహాప్రాణములు ఎంత శ్రమ కలిగించునో ఎరుగుదును. తమిళమున క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. ఆయన ఆ శ్రమకు వెనుదీయలేదు. మాలపల్లెలోని ముదుసలితో ఆమె భాషలో మాటలాడనిదే ఆమె మనస్సు తెలియదని ఆయన యెరుగును.

ఇక ప్రధానమైన ఘట్టమునకు వచ్చుచున్నాను. 1910 జూనులో స్కాట్లండుదేశమునందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. వచ్చిన ప్రతినిధులు ఇంచుమించు 1200 మంది. వారిలో ఆసియాఖండమువారు ఇరువదిమందియైనను లేరు. అట్టి సభలో డోర్నకల్లునుండి పోయిన ఈ చిన్న గురువును, దొరలకును దేశీయులకును గల సంబంధమునుగూర్చి మాటలాడుమని కోరిరి. ఆయన మెత్తగా మాటలాడి కూర్చుండవచ్చును. కాని ఉన్నమాట చెప్పిరి. దొరలు చేసిన మేలును ముందుగా ఒప్పుకొనిరి. వారి త్యాగమును కొనియాడిరి. పిమ్మట, ఏండ్ల తరబడి ఒక్కచోట కలిసి పనిచేసినను దేశీయునకు దొరయింట భోజనమునకు పిలుపు లేదనియు, యజమానుడును సేవకుడును అను భావము పోలేదనియు చెప్పిరి. తుదకు, మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణములిచ్చితిరి, అవి చాలవు, మాకు స్నేహితులను ఇయ్యుడని వేడుకొనిరి.

సభ నిశ్శబ్దమయ్యెను. కొందరు నొచ్చుకొనిరి, కొందరు మెచ్చుకొనిరి. కాని ఆ మాట ఎవరును మరువలేదు. శతాబ్దము దాటినను ఆ మహాసభను తలచునపుడెల్ల ఆ ఒక్క మాటనే తలచుచున్నారు.

పెద్దలారా! ఆలోచింపుడు. దానము చేయుట సులభము. దాత పైమెట్టుమీద నిలుచును, గ్రహీత క్రిందిమెట్టుమీద నిలుచును. స్నేహమునకు మెట్లు లేవు. 2016వ సంవత్సరము వరకు మన జిల్లాలో నుండిన బమ్మెరలో వెలసిన పోతనామాత్యులు కుచేలుని కథ చెప్పలేదా? శ్రీకృష్ణుడు కుచేలునకు మొదట ధనమీయలేదు. ఎదురేగి కౌగిలించుకొనెను. కాళ్ళు కడిగెను. తన పానుపుమీద కూర్చుండబెట్టెను. గురుకులములో కట్టెలకు పోయి వానలో తడిసిన ముచ్చట గుర్తుచేసెను. ఆ పిమ్మటనే అటుకులు అడిగి తీసికొనెను. ఐశ్వర్యము వచ్చినది కడపట. స్నేహము ముందు, దానము వెనుక. ఎడింబరోలో అజరయ్యగారు కోరినదియు ఆ క్రమమే.

ఇచ్చట నా సొంతమాట యొకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగనే యున్నది. నేను ఉద్యోగములో చేరిన తొలిదినములలో ఒక పల్లెబడిలో నాతోకూడ లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడొకడుండెను. డోర్నకల్లు ప్రాంతపు క్రైస్తవ కుటుంబమునకు చెందినవాడు. తొమ్మిదేండ్లు మేమిద్దరము ఒకే బల్లయొద్ద కూర్చుండి హాజరు పట్టీలు వ్రాసితిమి. నా కుమారునకు లెక్కలు రానప్పుడు సాయంకాలములందు కూర్చుండి నేర్పినవాడు ఆతడే. ఒకనాడు వాన పట్టుకొనగా మా ఇంటి అరుగుమీద నిలిచెను. దాహమనెను. మా ఇంటి ముసలమ్మ చెంబు చేతికీయక, ఎత్తి పోసెను. ఆతడు దోసిలి పట్టి త్రాగెను. నేను గడపలో నిలిచి చూచితిని. నోరు మెదపలేదు. ఆతడు త్రాగి, మూతి తుడుచుకొని, వాన వెలిసినదని పోయెను. మరునాడు ఎప్పటివలెనే బడికి వచ్చి నవ్వుచు పలుకరించెను. చాల ఏండ్లకు ఎడింబరో ప్రసంగపు సంగతి నేను చదివినపుడు, ఆ దొరలు నాకు పరాయివారుగ కనబడలేదు. వారి కుర్చీలో నేనే కూర్చుండియున్నట్లు తోచినది.

మరల కథకు వత్తము. మద్రాసు బిషప్పుగా 1899 మొదలు 1922 వరకు నున్న హెన్రీ వైట్‌హెడ్డు దొరగారు విశాలహృదయులు. మన పోచమ్మ, ఎల్లమ్మ వంటి గ్రామదేవతలనుగూర్చి పల్లెలు తిరిగి, విచారించి, 1916లో ఒక గ్రంథము ప్రకటించిన పండితుడాయన. అజరయ్యగారిని బిషప్పు చేయవలెనని ఆయన పట్టుపట్టెను. అభ్యంతరములు రెండు వైపులనుండియు లేచినవి. నల్లవానిక్రింద తెల్లగురువులు పనిచేయుటెట్లని కొందరు దొరలనిరి. నాడారు కులమువాడు మాపై అధికారియా యని దేశీయ క్రైస్తవులలోనే కొందరనిరి. చూచితిరా! సముద్రము దాటి వచ్చిన గర్వమును, మన గడ్డమీదనే మొలిచిన గర్వమును ఒక్కచోట కలిసికొన్నవి. వైట్‌హెడ్డుగారు వెనుకకు పోలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తానగరమునందలి సెయింటు పాల్సు ప్రధానదేవాలయములో అజరయ్యగారికి బిషప్పు పట్టాభిషేకము జరిగినది. అప్పటికాయన వయస్సు ముప్పది యెనిమిదేండ్లు.

ఆయనకు మొదట ఇచ్చిన అధ్యక్షఖండము చాల చిన్నది. అది క్రమముగా పెరిగి కృష్ణాజిల్లా మున్నగు తెలుగుసీమలను కలుపుకొనెను. 1841లో బందరునకు వచ్చి బడి నెలకొల్పిన నోబులుదొరగారి కాలమునుండి దొరలు నడిపిన సంఘములు ఇప్పుడు ఒక భారతీయుని పెత్తనముక్రిందికి వచ్చినవి. 1941 నాటికి ఆ ఖండమునందలి క్రైస్తవులు రెండు లక్షలకు పైబడిరి. వారిలో హెచ్చుమంది మాల మాదిగ కులములవారు. పేదకూలీలు, వెట్టివాండ్రు.

వారి నడుమ ఆయన చేసిన పని ఎట్టిదో వినుడు. రెండెడ్ల బండిమీద పల్లెపల్లెకు తిరుగుచు, చెట్టుక్రింద కూర్చుండి మాటలాడుచుండెడివారు. పల్లెవానికి నలుగురు శత్రువులున్నారని హెచ్చరించెడివారు. మొదటిది మాలిన్యము, రెండవది రోగము, మూడవది ఋణము, నాలుగవది త్రాగుడు. ఈ నాలుగింటిని జయింపనిదే దేవుని స్తుతించినను కడుపు నిండదని వారి భావము. పల్లెపల్లెకును ఒక ఉపాధ్యాయుని ఏర్పరచి, పగలు పిల్లలకును రాత్రి పెద్దలకును చదువు చెప్పించిరి. పాశ్చాత్యుల రాగములే పాడవలెనని నిర్బంధింపక, తెలుగు కీర్తనలను, భజనలను, పంటపండుగ ఊరేగింపులను ప్రోత్సహించిరి.

మరియొక యాచారము నాకు మిక్కిలి హృద్యముగా నున్నది. పేద ఇల్లాలు అన్నము వండునపుడెల్ల కుండలో పోయుబియ్యమునుండి ఒక పిడికెడు తీసి వేరొక చట్టిలో వేయవలెను. వారాంతమున ఆ బియ్యము దేవాలయమునకు చేరును. అడుక్కొని తినువాడు సయితము ఇచ్చువాడుగా మారుటకిది ఉపాయము. ఎల్లప్పుడు చేయిచాచినవానికి ఆత్మగౌరవము నిలువదని బిషప్పుగారి దృఢవిశ్వాసము. క్రైస్తవుని దానధర్మమునుగూర్చి వారు ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసిరి. కుచేలుని అటుకులవంటి విలువయే ఆ పిడికెడు బియ్యమునకును గలదు.

కులభేదము గుడి గడపవద్ద ఆగిపోవునని అనుకొనకుడు. మాలలు మాదిగల నీళ్ళు ముట్టని కాలమది. ఒకే దేవుని కొలిచినను వేరువేరు మూలల కూర్చుండిన సంఘములుండెను. బిషప్పుగారు దీనితో జీవితాంతము పోరాడిరి. పూర్తిగా గెలిచిరని చెప్పజాలను. ఆ పోరు ఇంకను సాగుచునే యున్నది. ఆయన విడిచిపెట్టలేదని మాత్రము చెప్పగలను.

సత్యమును చెప్పవలెనన్న, ఆయనకు విరోధములును కలవు. మహాత్మాగాంధీగారికిని ఆయనకును 1930 తరువాతి సంవత్సరములలో తీవ్రమైన అభిప్రాయభేదము కలిగెను. ఎవడు పుట్టిన మతములో వాడుండి దానిని శుద్ధి చేసికొనవలెననియు, సేవచేయువాడు మతము మార్చవలెనను కోరిక లేకయే చేయవలెననియు గాంధీగారి మతము. నిరుపేదకును మనస్సాక్షి కలదనియు, తనకు నచ్చిన మార్గము తాను ఎంచుకొనుటకు వానికి స్వాతంత్ర్యము కలదనియు బిషప్పుగారి మతము. ఎవరును తమ పట్టు విడువలేదు. ఎవరి వాదము సరియో తీర్పు చెప్పుట నా పని కాదు. కాని ఒక్క సంగతి. 1932లో ఆంగ్లప్రభుత్వము క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఈయబూనినపుడు, అవి తమకు వలదని చెప్పినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. మతము ఓట్లలెక్కగా మారరాదనియు, దేశము ముక్కలు కారాదనియు వారనిరి. తన పక్షమునకు లాభము వచ్చునపుడు కూడ వలదనువాడు స్వార్థపరుడని ఎవరనగలరు?

1935 అక్టోబరులో డాక్టరు అంబేద్కరుగారు తాము హిందువుగా చావబోనని ప్రకటించిరి. ఆ కాలమున అజరయ్యగారితో జరిగిన సంభాషణలో ఆయన ఒక చురుకైన ప్రశ్న వేసిరని చెప్పుదురు. నా జనులు నేడు దేశమంతట ఒక్కటిగానున్నారు. మీలో చేరినచో మీ అనేక శాఖలలో చీలిపోవుదురు గదా, దీనికేమందురు? ఇదియే ఆ ప్రశ్న సారము. బిషప్పుగారికి తృప్తికరమైన సమాధానము దొరకలేదట. ఆ ప్రశ్న వారికి క్రొత్తది కాదు. అంతకు పదునారేండ్లు ముందే వారు దానిని తమలో తాము వేసికొనిరి.

అదెట్లన, 1919 మేనెల ఆరంభమున, తమిళదేశపు సముద్రతీరమునందలి తరంగంబాడిలో ముప్పది ముగ్గురు గురువులు సమావేశమైరి. ఇద్దరు తప్ప తక్కినవారందరు భారతీయులే. ఆ ఇద్దరిలో ఒకరు ఎడ్డీగారు. అజరయ్యగారు అధ్యక్షులు. ఆంగ్లికనులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలిస్టులు అను భేదములు పాశ్చాత్యదేశముల చరిత్రలో పుట్టినవి. వారి తగవులు మనకేల, మనము ఒక్కటి కావలెను, అని వారు తీర్మానించిరి. తరువాత మెథడిస్టులును ఈ ప్రయత్నములో చేరిరి. మెదకులోని మహాదేవాలయము, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది, ఆ కాలమున ఆ మెథడిస్టులదే. డోర్నకల్లునకు పొరుగువారే వారు. 1927లో స్విట్జర్లండులోని లొసాన్ మహాసభలో అజరయ్యగారు, మీ దేశములలో శాఖాభేదము ఒక బలహీనత మాత్రమే కావచ్చును, మా దేశమున అది పాపము, అపవాదము, అను భావము వచ్చునట్లు మాటలాడిరి.

కలియుట యన్న మాటలతో అయ్యెడిదా? చిక్కంతయు ఒక్కచోట వచ్చినది. దానిని మన మాటలలో చెప్పుదును. గురుపరంపర యను మాట మీకు తెలిసినదే. ఒక మఠమువారు, మా పీఠాధిపతి చేతిమీదుగా ఉపదేశము పొందినవాడే గురువు అందురు. మరియొకరు, సంఘమంతయు కూడి నియమించినవాడు గురువు కాడా అందురు. ఆంగ్లికనులు మొదటి పక్షము, తక్కినవారు రెండవ పక్షము. మీ గురువులు గురువులే కారనినచో ఎవడు కలియును? ఎవరైన సరే యనినచో పరంపర యేమగును? ఇరువది యెనిమిదేండ్లు ఈ చర్చ సాగినది. తుదకు కుదిరిన ఒడంబడిక యిది. కలియునాటికి ఏ శాఖలో గురువుగా నున్నవాడైనను క్రొత్తసంఘములో గురువే. అతనికి మరల పట్టము కట్టనక్కరలేదు. అటుపై మాత్రము క్రొత్తగురువులందరును బిషప్పు చేతిమీదుగనే పట్టము పొందవలెను. ఏ ఊరి సంఘముమీదను దాని మనస్సునకు ఒప్పని గురువును బలవంతముగా రుద్దరాదు. ఈ రీతిగా ముప్పదేండ్లు నడిచినపిమ్మట మిగిలిన సంగతులు విచారింపవలెను.

గ్రామములలో తగవులు తీర్చు పెద్దలారా! ఈ ఒడంబడికలోని నేర్పు మీకు చప్పున బోధపడియుండును. ఓడినవాడు ఎవడును లేడు. జరిగిపోయినదానిని త్రవ్వలేదు. జరుగవలసినదానికి ఒక కట్టడి చేసిరి. గాయము మానుటకు కాలమిచ్చిరి. గట్టు తగవైనను, చెరువునీటి తగవైనను, అన్నదమ్ముల పంపకమైనను ఈ మూడు సూత్రములతో సగము తీరును.

1938 డిసెంబరులో మద్రాసు చెంత తాంబరమున ప్రపంచ క్రైస్తవ మహాసభ జరిగెను. జపానుసేనలు చీనాదేశముమీద పడి అప్పటికి ఏడాదిన్నర. అయినను చీనావారును జపానువారును ఆ సభలో ఒక్క కప్పుక్రింద కూర్చుండిరి. వారికి ఆతిథ్యమిచ్చిన భారత క్రైస్తవ మండలికి అధ్యక్షులు మన డోర్నకల్లు బిషప్పుగారే. మరుసటి నెల, 1939 జనవరి 6వ తేదీన, నేను మొదట చెప్పిన డోర్నకల్లు దేవాలయము ప్రతిష్ఠ జరిగినది. దానికి ఎపిఫనీ దేవాలయమని పేరు. క్రీస్తుశిశువును చూచుటకు తూర్పుదేశమునుండి జ్ఞానులు వచ్చిన పండుగదినమది. అన్యదేశీయులు కానుకలు తెచ్చిన దినము. కాబట్టి మండపస్తంభములును, మీనారులును అచ్చట అమరియుండుట సమంజసమే.

1945 జనవరి 1వ తేదీన అజరయ్యగారు డోర్నకల్లులోనే కన్నుమూసిరి. ఆ సమాధి మన నేలలోనే యున్నది. వారు కలగన్న సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులోని సెయింటు జార్జి దేవాలయములో సిద్ధించినది. అదియే దక్షిణ ఇండియా సంఘము. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఆరువారములు. ఆ దినమును చూచు భాగ్యము నాటినవానికి లేకపోయెను. మామిడిటెంకను పాతిన తాత పండు తినవలెనను నియమము లేదుగదా!

ఇక నా మిత్రుని ప్రశ్నకు సమాధానము. నాకు బిషప్పుగారి కథతో నేమి పని? నేను ఉద్యోగవిరమణ చేసిన సంవత్సరమున, ఒక ఆదివారము మధ్యాహ్నము, ఆ లెక్కల ఉపాధ్యాయుని ఊరు వెదకికొని పోయితిని. ఆతడు ముసలివాడైనాడు. వేపచెట్టుక్రింద మంచము వాల్చుకొని కూర్చుండెను. నన్ను చూచి లేచి, “పంతులు సారూ, ఇన్నేండ్లకు మా ఇంటికి తొవ్వ దొరికిందా?” అనెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అదియే నాకు ఎక్కువ నొప్పి కలిగించినది. ఆ ముసలమ్మ చెంబు ఎత్తిపోసిన వాననాటి సంగతి తలచి, నన్ను క్షమింపుమంటిని. ఆతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట లోపలికి కేకవేసి, “ఇంకో పళ్ళెం పెట్టుండ్రి” అనెను. ఆతని కోడలు జొన్నరొట్టెయు, పప్పును వడ్డించెను. ఆతని ప్రక్కన కూర్చుండి తింటిని. చెంబుతో నీళ్ళు ఆతడే నా చేతికందించెను.

ముప్పదేండ్లు ఆలస్యముగా నేను నేర్చుకొన్న పాఠమది. ఆ పాఠము నేర్పినవారు అజరయ్యగారు. అందుచేత ఆయన నాకు గురువులు. గురువునుగూర్చి చెప్పుటకు శిష్యునకు మతము అడ్డురాదు.

పెద్దలారా! మీ గ్రామమున మీరు చాలమందికి ఉపకారము చేసియుందురు. అప్పిచ్చియుందురు, పెండ్లికి బియ్యము పంపియుందురు, కాగితము వ్రాయించియుందురు. అది మంచిదే. కాని నేటిరాత్రి పండుకొనుటకు ముందు ఒక్కమారు లెక్క చూచుకొనుడు. ఎవరి ఇంటికి మీరు ఎన్నడును పోలేదు? ఎవరు మీ అరుగుమీద నిలిచి, గడప దాటక తిరిగిపోయిరి? ఆ పేరు తట్టినచో, ముప్పదేండ్లు ఆగకుడు. రేపు ఉదయమే బయలుదేరుడు.